13 నెలల పాపను సంగీతం క్లాసులో చేర్చాలా?

ప్రశ్న: మాది గుంటూరు, పట్టాభిపురం. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు అయిదేళ్ళు నిండాయి, పాపకు 13 నెలలు. విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర పసిపిల్లలకూ తల్లులకూ కలిపి సంగీతం క్లాసులు చెప్పే సెంటరు ఒకటి పెట్టారని, ఆరు నెలల పిల్లల నుంచి చేర్చుకుంటున్నారని మా ఆడపడుచు చెప్పింది. ప్రతి ఆదివారం 40 నిమిషాల క్లాసు, మూడు నెలలకు 9,000 రూపాయల ఫీజు. పసితనం నుంచి సంగీతం వింటే మెదడు చురుగ్గా ఎదుగుతుందని, పెద్దయ్యాక లెక్కలు బాగా వస్తాయని వాళ్ళ కరపత్రంలో వేశారు. మావారు చేర్చేద్దామంటున్నారు. బాలమురళీకృష్ణగారు ఎనిమిదో ఏటనే కచేరీ చేశారు కదా అని ఆయన వాదన. మా అత్తగారేమో మాటలే రాని పిల్లకు సంగీతమేమిటని నవ్వుతున్నారు. నాకు పాడటం రాదు, గొంతు కూడా బొంగురు. అందుకే ఇంట్లో ఫోనులో పాటలు పెడుతుంటాను. బాబును ఆరు నెలలుగా కీబోర్డు క్లాసుకు పంపుతున్నాం, ఈ మధ్య క్లాసు అంటేనే ఏడుస్తున్నాడు. ఇంకొక సంగతి. పాపను వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే చాలాసార్లు తిరిగి చూడదు గానీ, టీవీలో పాట రాగానే చూస్తుంది. సంగీతమంటే అంత ఇష్టమని అనుకోవచ్చా?
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు ‘ఇంకొక సంగతి’ అని ఉత్తరం చివర రాసిన దానికే ముందుగా జవాబు చెబుతాను. ఏడాది నిండిన పిల్లలు సాధారణంగా తమ పేరు వినపడగానే తల తిప్పుతారు. మీ పాప చాలాసార్లు తిప్పడం లేదంటున్నారు కాబట్టి, దాన్ని సంగీతం మీది ఇష్టంగా సరిపెట్టుకోకుండా, ఈ వారంలోనే పిల్లల వైద్యునికి చూపించి వినికిడి పరీక్ష చేయించండి. టీవీ పాటకు చూస్తోంది కదా, చెవులు బాగానే ఉన్నాయిలే అనుకోవడానికి వీలు లేదు. పెద్ద శబ్దాలు అంది మెల్లని మాటలు అందని పిల్లలు ఉంటారు, జలుబు తరువాత చెవి లోపల నీరు చేరి కొంతకాలం సరిగా వినపడని పిల్లలు ఉంటారు, పాటను కాక తెర మీది వెలుగును చూసి తల తిప్పే పిల్లలూ ఉంటారు. లోపలి చెవి శబ్దానికి స్పందిస్తోందో లేదో చూసే ఓఏఈ అనే పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు, అవసరమైతే పాప నిద్రపోతున్నప్పుడు, శబ్దం చెవి నుంచి మెదడుకు అందుతోందో లేదో చూసే బెరా పరీక్ష చేస్తారు, రెండింటిలోనూ నొప్పి ఉండదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో కూడా అడగవచ్చు. వినికిడి సరిగానే ఉందని తేలితే, పేరుకు పలకకపోవడానికి ఎదుగుదలకు సంబంధించిన వేరే కారణం ఏదైనా ఉందేమో వైద్యులే చూస్తారు. ఆటలో మునిగిపోయి పట్టించుకోకపోవడమే అయితే అంతకన్నా కావలసింది లేదు. పుట్టిన నెలలోపు పరీక్ష, అనుమానం ఉంటే మూడో నెల లోపు నిర్ధారణ, లోపం ఉంటే ఆరో నెలకల్లా చికిత్స మొదలు కావాలన్నది వినికిడి విషయంలో వైద్యులు పాటించే లెక్క కనుక, పదమూడో నెలలో ఇంకొన్నాళ్ళు చూద్దామని ఆగడం మంచిది కాదు. క్లాసు ఫీజు కట్టేది లేనిది ఆ తరువాతి మాట.

ఇక క్లాసు సంగతి. పసిపిల్లల సంగీతం క్లాసు అనగానే మీ అత్తగారి కళ్ళ ముందు చాప, శ్రుతిపెట్టె, సరళీ స్వరాలు మెదిలి ఉంటాయి కాబట్టి ఆవిడ నవ్వడంలో తప్పు లేదు. అయితే ఈ క్లాసుల్లో జరిగేది అది కాదు. లయను ముందు ఒంటితో నేర్వాలన్న స్విట్జర్లాండ్ దేశపు దాల్‌క్రోజ్, వాయిద్యం కన్నా ముందు గొంతు అన్న హంగరీ దేశపు కొడాయ్, బిడ్డ మాతృభాషను నేర్చుకున్నట్టే సంగీతాన్నీ విని, అనుకరించి నేర్చుకోవాలన్న జపాన్ దేశపు సుజుకి, ఇటువంటి వారి ఆలోచనల నుంచి ఈ పద్ధతులు పెరిగాయి. పుట్టినప్పటి నుంచి బడి ఈడు దాకా ఉన్న పిల్లలను తల్లిదండ్రులతో సహా కూర్చోబెట్టి పాడించే క్లాసులు అమెరికాలో 1980ల నుంచే బాగా వ్యాపించాయి, మన నగరాలకు ఇప్పుడు వస్తున్నాయి. తల్లి ఒడిలో బిడ్డ ఉంటుంది, టీచరు పాడుతుంది, తల్లులు అందుకుంటారు, ఊగుతారు, చప్పట్లు కొడతారు, పిల్లలు గిలక్కాయలు ఆడిస్తారు. అంతే. ఇక్కడ నిజానికి పాఠం నేర్చుకునేది తల్లి. ఆ మాట కరపత్రాల్లో ఎవరూ వేయరు.

కరపత్రంలో వేసిన మాట గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మెదడు కోసం, లెక్కల కోసం అయితే ఆ 9,000 రూపాయలు కట్టవద్దు. ఈ ప్రచారానికి మూలం 1993లో ‘నేచర్’ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన. అందులో పాల్గొన్నది పసిపిల్లలు కారు, కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు మోజార్ట్ అనే పాశ్చాత్య సంగీతకారుని సంగీతం విన్నాక, ఆకారాలను మనసులో తిప్పి చూసుకొనే ఒక రకం ప్రశ్నల్లో వారికి కాస్త మెరుగైన మార్కులు వచ్చాయి. ఆ మెరుగు పదిపదిహేను నిమిషాలకు మించి నిలవలేదు కూడా. అయినా ఆ కబురు పాకి పాకి ఎంతదాకా వెళ్ళిందంటే, 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డు ఒకటి ఇవ్వాలని ప్రతిపాదించేదాకా వెళ్ళింది. ఆ తరువాత 2013లో హార్వర్డు పరిశోధకులు నాలుగేళ్ళ పిల్లలను తల్లిదండ్రులతో పాటు ఆరు వారాలు సంగీతం క్లాసులకు పంపి చూస్తే, తెలివితేటల్లో నమ్మదగిన లాభమేదీ కనపడలేదు. సంగీతం నేర్చుకున్న పిల్లవాడికి సంగీతం వస్తుంది. అది తక్కువ విషయం కాదు, దానికి లెక్కల సిఫారసు ఎందుకో నాకు అర్థం కాదు.

అలాగని పసిపిల్లలకు పాట దండగ అని కూడా తేలలేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు ఆరు నెలల పిల్లలున్న కుటుంబాలను రెండు జట్లు చేసి, వారానికొక గంట చొప్పున ఆరు నెలలు రెండు రకాల క్లాసులు నడిపారు. ఒక జట్టులో తల్లిదండ్రులు బిడ్డలను దగ్గర పెట్టుకొని కొద్దిపాటి జోలపాటలూ ఆటపాటలే మళ్ళీ మళ్ళీ పాడారు. రెండో జట్టులో పిల్లలు బొమ్మలతో ఆడుకుంటూ ఉంటే వెనక సంగీతం రికార్డు మోగుతూ ఉండేది. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఏడాది వయసుకు మొదటి జట్టు పిల్లలు వేలు పెట్టి చూపడం, టాటా చెప్పడం వంటి సైగల్లో ముందున్నారు, ఎక్కువగా నవ్వారు, ఏడిస్తే త్వరగా ఊరుకున్నారు. రెండు జట్లూ విన్నది సంగీతమే. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఒక చోట పాట మనిషి నోటి నుంచి వచ్చింది, రెండో చోట పెట్టె నుంచి వచ్చింది. మీరు ఫోనులో పాటలు పెట్టి పక్కన పని చూసుకోవడం రెండో జట్టు పద్ధతి. (విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని వింటూ పెరిగిన మా తరం వారికి ఈ మాట కష్టంగా తోచవచ్చు గానీ, ఆ రేడియోతో పాటు వంటింట్లో గొంతు కలిపే అమ్మమ్మ ఒకరు ఉండేవారన్న సంగతి మరిచిపోకూడదు.) పైగా ఫోను అంటే తెర. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దని భారతీయ శిశువైద్యుల సంఘం చెబుతోంది, ఏడాది వయసు పిల్లలకు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

మీ అత్తగారికి ఒక్క సంగతి చెప్పండి. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారు ఏడాది లోపు పిల్లలకు వాళ్ళ ఇంట్లో ఎవరూ మాట్లాడని టర్కీ భాషలో ఒకసారి పాట, ఒకసారి మాటలు వినిపించి చూస్తే, పాట వింటూ సుమారు తొమ్మిది నిమిషాలు ఏడవకుండా ఉన్న పిల్లలు మాటలు వింటూ అందులో సగం సేపే ఉన్నారు. మాటలు రాని పిల్లకు పాట ఎందుకని ఆవిడ అడుగుతున్నారు. మాట అర్థం కాని వయసులో పిల్లకు అందేది పాటే.

ఇప్పుడు మీ బొంగురు గొంతు విషయానికి వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో పాప వినికిడి తరువాత నాకు ముఖ్యంగా కనపడింది అదే. బిడ్డ కడుపులో ఉండగానే ఆరో నెల దాటిన తరువాత శబ్దాలు వినడం మొదలుపెడుతుంది. పుట్టిన రెండు మూడు రోజులకే మిగతా ఆడవాళ్ళ గొంతుల నుంచి తల్లి గొంతును వేరుచేసి కోరుకుంటుందని 1980లోనే నిరూపించారు. అంటే మీ పాప లోకంలో మొదట విన్న గొంతు, ముందుగా ఇష్టపడ్డ గొంతు మీరు బాగుండదంటున్న ఆ గొంతే. శ్రుతి తప్పితే పాప చెవి పాడవుతుందేమోనన్న భయం వద్దు, చుట్టుపక్కల శ్రుతిగా పాడేవారిని కూడా వింటూనే పెరుగుతుంది కదా.

ఎలా పాడాలో కూడా చెబుతాను. మీరు కుర్చీలో కూర్చొని పాపను మీకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకోండి. చంకల కింద రెండు చేతులూ వేసి పట్టుకొని, చందమామను పిలిచే పాటో, ఏనుగు వచ్చిందని చెప్పే పాటో, మీకు వచ్చిన నాలుగు ముక్కలు నెమ్మదిగా పాడండి. ప్రతి చరణం చివరి మాట దగ్గర మోకాళ్ళను కొద్దిగా పైకెత్తి దించండి. ఒక వారం పాటు అదే పాట, అదే చోట, అదే ఎత్తడం. ఆ తరువాత ఒకనాడు చివరి మాట అనకుండా, మోకాళ్ళు ఎత్తకుండా, పాప ముఖంలోకి చూస్తూ ఆగిపోండి. ఆ కాస్త సేపు మీకు చాలా ఎక్కువనిపిస్తుంది, తొందరపడి మీరే పూర్తి చేయకండి. పాప మొదట మీ పెదవుల వంక చూస్తుంది, తరువాత తానే ఒక్కసారి ఒళ్ళు పైకి ఎగరేస్తుంది, లేదా నోరు తెరిచి ఏదో ఒక కూత వేస్తుంది. కూత వేసిన మరుక్షణం మీరు మాట పూర్తి చేసి మోకాళ్ళు ఎత్తాలి. తాళంలో తన వంతు ఎప్పుడొస్తుందో కనిపెట్టడం, దానికోసం కాచుకొని ఉండడం, సరిగ్గా అప్పుడే అందుకోవడం – పెద్ద పిల్లలకు సంగీతం క్లాసుల్లో మేము ఏళ్ళ తరబడి చెప్పే పాఠంలో సగం ఇక్కడే ఉంది. తారంగం, చప్పట్లు, ఉయ్యాల ఊపు, గుర్రం ఆట, వీటన్నిటికీ ఇదే పద్ధతి పనికివస్తుంది. పాప ముఖం పక్కకు తిప్పుకుంటే ఆ పూటకు చాలన్నమాట.

పాటలు ఎంచుకొనేటప్పుడు నడకల మీద, అంటే తాళంలో దెబ్బలు పడే తీరు మీద, కొంచెం దృష్టి పెట్టండి. ఫోనుల్లో వచ్చే పిల్లల పాటలు చాలావరకు ఒకే నాలుగు దెబ్బల నడకలో సాగుతాయి. ఉత్తర అమెరికా పిల్లల మీద 2005లో వెలువడిన పరిశోధనల్లో, ఆరు నెలల వయసులో తమకు తెలిసిన సాదా నడకలోనూ, ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ దేశాల, దెబ్బలు సమానంగా పడని హెచ్చుతగ్గుల నడకలోనూ తప్పు వస్తే సమానంగా గుర్తించిన పిల్లలు, ఏడాది వచ్చేసరికి తమకు అలవాటైన నడకలోనే గుర్తించగలిగారు. అయితే ఆ ఏడాది పిల్లలకే రెండు వారాలు ఇంట్లో ఆ కొత్త నడక వినిపిస్తే మళ్ళీ పట్టుకున్నారు, పెద్దవాళ్ళు అలా పట్టుకోలేకపోయారు. అయిదు, ఏడు అక్షరాల చాపు తాళాలు మనకు కొత్త కావు. తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి అనే నాలుగు నడకలను రోజుకొకటిగా పాప వీపు మీద మెల్లగా తడుతూ నోటితో అనండి. దీనికి శ్రుతి కూడా అక్కరలేదు, కాబట్టి గొంతు బొంగురన్న సాకు చెల్లదు. మీకు తెలియకపోతే ఊళ్ళో మృదంగం నేర్చుకుంటున్న ఏ కుర్రవాణ్ణి అడిగినా పది నిమిషాల్లో చెబుతాడు.

మీవారి మాటను నేను కొట్టిపారేయడం లేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టారు, ఎనిమిదో ఏట విజయవాడలోనే కచేరీ చేశారు, తరువాతి కాలంలో అదే విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా పనిచేశారు. అయితే ఆయన పుట్టినది తల్లి వీణ, తండ్రి వేణువు వాయించే ఇంట్లో. తల్లి పసికందుగా ఉండగానే పోయినా తండ్రి ఇంట సంగీతం ఆగలేదు. పిల్లవాడి చెవి, గొంతు ఇంట్లోనే తయారైన తరువాతే పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి వద్ద శిష్యరికం. అటువంటి ప్రతిభ అందరిలోనూ ఉంటుందని గానీ, మూడు నెలల క్లాసుతో వస్తుందని గానీ ఎవరూ అనుకోరు, కాని ఇల్లు ముందు, గురువు తరువాత అన్న వరస మాత్రం ఆయన ఉదాహరణలోనే కనపడుతోంది.

ఇక విజయవాడ ప్రయాణం. మూడు నెలలకు పదమూడు ఆదివారాలు అనుకుంటే క్లాసుకు దాదాపు 700 రూపాయలు పడుతుంది. దానికి తోడు పెట్రోలు, కాజ టోల్‌గేటు, వారధి మీద ట్రాఫిక్. 40 నిమిషాల పాట కోసం ముప్పై కిలోమీటర్లకు పైగా పోను, అంతే రాను. పాప నిద్రవేళ దారిలోనే గడిచిపోతుంది, నిద్ర చెడిన పిల్ల క్లాసులో పాట వినదు, ఏడుస్తుంది. ఎండాకాలమైతే చెప్పనే అక్కరలేదు. నా మటుకు నేను ఈ క్లాసుకు ఇప్పుడు వెళ్ళవద్దనే అంటాను. గుంటూరులోనే బ్రాడీపేటలోనో లక్ష్మీపురంలోనో ఇటువంటిది పెడితే అప్పుడు ఆలోచించవచ్చు. మరీ కుతూహలంగా ఉంటే ఒక్క డెమో క్లాసుకు వెళ్ళి చూడండి. టీచరు స్వయంగా పాడుతున్నదా, స్పీకరులో పాట పెట్టి పిల్లల చేత చేతులు ఊపిస్తున్నదా అన్నది మొదట గమనించండి. ఒక పిల్లవాడు పాకుతూ గుమ్మం దగ్గరి చెప్పుల దాకా వెళ్ళిపోతే, వాణ్ణి ఎత్తుకొచ్చి వృత్తంలో కుదేస్తారా, లేక పాట ఆపకుండా వాడి వంక చూసి నవ్వి వాణ్ణి అలా విననిస్తారా అన్నది అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఆ వయసు పిల్లలు తిరుగుతూనే వింటారు, వారం తరువాత ఇంట్లో హఠాత్తుగా ఆ పాటకు ఊగి చూపిస్తారు. గదిలో మామూలు గొంతుతో పక్కవారితో మాట్లాడలేనంత మోత ఉంటే పాపను తీసుకొని బయటికి వచ్చేయండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాటలు వినే పరికరాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు పెట్టిన 80 డెసిబెల్స్ హద్దును పిల్లలకు 75కు తగ్గించింది. తల్లులను బయట కూర్చోమనే సెంటరైతే ఈ వయసుకు అసలు పనికిరాదు.

ఆ డబ్బులో పదో వంతు పెట్టినా మీ అపార్టుమెంటులోనే పని జరుగుతుంది. పసిపిల్లలున్న నలుగురు తల్లులు వారానికొక ఉదయం మీ హాల్లో కూర్చోండి. పాటలు నడిపించే పని మీ అత్తగారికి అప్పగించండి, ఆవిడకు రాని పాట మీ కరపత్రం వారికీ రాదని నా నమ్మకం. రెండు జతల చిడతలు, మూత గట్టిగా బిగించి టేపు వేసిన డబ్బాలో గుప్పెడు కందిపప్పు, బోర్లించిన స్టీలు గిన్నె చాలు. కొన్న గిలక్కాయలైతే ఐఎస్ఐ గుర్తు చూసుకోండి, బొమ్మలకు అది 2021 నుంచి తప్పనిసరి. విడి గజ్జెలు, రాలిపోయే మువ్వలు, చిన్న బ్యాటరీలుండే సంగీతం బొమ్మలు మాత్రం మూడేళ్ళలోపు పిల్లలకు అందనివ్వకూడదు. ముఖ్యంగా గుండీ బ్యాటరీ మింగితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

బాబు విషయం. అయిదేళ్ళకు సంగీతం మొదలుపెట్టడం తొందరేమీ కాదు. అయితే బడి నుంచి వచ్చి అలసిన వాణ్ణి గంటసేపు కీబోర్డు ముందు కూర్చోబెడితే ఏడవక ఏం చేస్తాడు? ఈ వయసు పిల్లల గొంతు చాలావరకు అయిదారు స్వరాల మేరలోనే హాయిగా పలుకుతుంది, వేళ్ళు ఇంకా విడివిడిగా కదలవు, కాబట్టి పై షడ్జం (పై ‘స’) దాకా సరళీ వరసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, కావాలని పట్టుబట్టే చోట వాడు ఓడిపోతూనే ఉంటాడు. వాళ్ళ మాస్టారితో మాట్లాడి క్లాసును ఇరవై నిమిషాలకు కుదించమని, ముందు పాడించి ఆ తరువాతే మీట నొక్కించమని, గ్రేడు పరీక్షల మాట రెండేళ్ళ దాకా ఎత్తవద్దని మర్యాదగా అడగండి. వారు ఒప్పుకోకపోతే దసరా దాకా మాన్పించండి, మాన్పించినందుకు ఏమీ నష్టం లేదు. మున్ముందు కర్ణాటక సంగీతమే చెప్పించాలనుకుంటే గాత్రంతో మొదలుపెట్టడం మేలు. మీటల కీబోర్డు మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరు, పలికించడం కష్టం. వాడికి వాయిద్యం మీదే మనసుంటే వయొలిన్‌లో చిన్న చేతులకు సరిపడే చిన్న సైజులు దొరుకుతాయి. క్లాసు మాన్పించారు కదా అని కీబోర్డును అటక మీదికి ఎక్కించకండి. వాడికి అందే ఎత్తులో బల్ల మీద పెట్టి, వాల్యూము తక్కువలో ఉంచి, వాడు ఎప్పుడు నొక్కినా ఏం వాయిస్తున్నావని అడగకుండా ఉండండి. చుట్టాలు వచ్చినప్పుడు ‘ఒకసారి వాయించి చూపించు నాన్నా’ అనడం కూడా మానేయండి.